నలుగురిలో ఎవరిని అప్పగించాలి? క్రైస్తవ, బౌద్ధ శీలనీతుల పోలిక

క్రీస్తు శకం 5వ శతాబ్దంలో శ్రీలంకలోని అనురాధపుర మహావిహారంలో బుద్ధఘోషుడు రచించిన ‘విసుద్ధిమగ్గ’లో, మైత్రీభావనను వివరించే చోట ఒక చిక్కు సన్నివేశం వస్తుంది. ఒక భిక్షువు మరో ముగ్గురితో కలిసి కూర్చుని ఉన్నాడు. ఆ ముగ్గురిలో ఒకడు అతనికి ఇష్టుడు, ఒకడు ఇష్టానిష్టాలు రెండూ లేని మధ్యస్థుడు, ఒకడు శత్రువు. అంతలో దొంగలు వచ్చి, మీలో ఒకణ్ణి మాకు అప్పగించండి, గొంతు కోసి ఆ రక్తంతో బలి ఇచ్చుకోవాలి అంటారు. ఫలానావాణ్ణి పట్టుకుపొండి అని భిక్షువు మనసులో అనుకుంటే అతని మైత్రి పూర్తి కానట్టే. ఇంతవరకు ఎవరైనా ఊహించగలిగిందే. వాళ్ల జోలికి పోకండి, నన్నే తీసుకుపొండి అనుకున్నా పూర్తి కానట్టేనని బుద్ధఘోషుడు తేల్చడమే అసలు విశేషం. అలా అనుకున్నవాడు తనకు కీడూ, మిగిలిన ముగ్గురికి మేలూ కోరుతున్నాడు. అంటే నలుగురి మధ్య గీత ఇంకా చెరగలేదు. నలుగురిలో అప్పగించదగినవాడు ఒక్కడూ కనిపించనప్పుడే హద్దులు తెగినట్టు.

1941 జూలై ఆఖరులో ఆష్‌విట్జ్ నాజీ నిర్బంధ శిబిరంలో ఇంచుమించు ఇదే సన్నివేశం నిజంగా జరిగింది. ఒక ఖైదీ తప్పించుకున్నాడన్న కోపంతో అధికారులు పదిమందిని ఆకలిచావుకు ఎంపిక చేశారు. వారిలో ఒకడు భార్యాబిడ్డలను తలచుకుని ఏడ్చాడు. పోలండ్‌కు చెందిన ఫ్రాన్సిస్కన్ గురువు మాక్సిమిలియన్ కోల్బే వరుసలోంచి ముందుకు వచ్చి, అతనికి బదులు తనను తీసుకొమ్మన్నాడు. రెండు వారాల తరవాత కూడా ప్రాణంతో ఉన్న ఆయనను ఆగస్టు 14న విషపు సూది వేసి చంపారు. 1982లో పోప్ రెండో జాన్ పాల్ ఆయనను పునీతుడిగా ప్రకటించినప్పుడు, ఆయన కాపాడిన మనిషి ఆ సభలో ఉన్నాడు. ‘తన స్నేహితులకొరకు తన ప్రాణము పెట్టువానికంటె ఎక్కువైన ప్రేమగలవాడెవడును లేడు’ అని యోహాను సువార్త చెప్పిన మాటకు ఇంతకంటే సూటి ఉదాహరణ దొరకదు. బుద్ధఘోషుడు అసంపూర్ణమన్న ఆ తలపే ఇక్కడ ప్రేమకు పరాకాష్ఠ అయింది.

ఈ తేడాను చూసి బౌద్ధానికి త్యాగం పట్టదని అనుకుంటే పొరపాటు. బుద్ధఘోషుడు పెట్టింది ధ్యానంలో ఉన్న మనసుకు పరీక్ష; నిజంగా దొంగలు వస్తే ఏం చేయాలో చెప్పే సలహా కాదు. జాతక కథల్లో బోధిసత్త్వుడు పదేపదే తన శరీరాన్ని ఇస్తాడు. నిగ్రోధమృగ జాతకంలో కాశీరాజు వంటశాలకు రోజుకొక లేడి వంతు ప్రకారం పోవాలి. వంతు ఒక చూలు లేడికి వస్తే, దాని బదులు లేళ్ల రాజు తానే పోయి నరికే మొద్దు మీద తల పెడతాడు. ఇది అచ్చంగా కోల్బే చేసిన పనే. కథ మాత్రం అక్కడ ఆగదు. రాజు జాలిపడి ఇద్దరినీ వదిలేస్తానంటే, మిగిలిన లేళ్ల సంగతేమిటని లేళ్ల రాజు అడుగుతాడు. వాటికీ అభయం దొరికాక మిగిలిన నాలుగు కాళ్ల జంతువుల మాట, ఆ తరవాత పక్షుల మాట, చివరికి నీళ్లలోని చేపల మాట ఎత్తుతాడు. అన్నింటికీ అభయం దొరికాకే తల ఎత్తి లేస్తాడు. ‘నన్ను తీసుకో’ అన్న మాటతో మొదలైన కథ, ‘ఎవరినీ తీసుకోవద్దు’ అన్న చోటికి చేరింది. రెండు సంప్రదాయాల్లోనూ త్యాగం ఉంది, ప్రేమ ఉంది, మనసును తీర్చిదిద్దుకోవాలన్న పట్టుదల ఉంది. అవి ఏ చోట నుంచి బయలుదేరి ఏ చోటికి చేరతాయన్న దానిలోనే భేదం.

మంచి పని ఏది అని కాక, మంచి మనిషి ఎలా తయారవుతాడు అని అడిగే నీతిని సద్గుణ నీతి అంటున్నారు. పశ్చిమ దేశాల తత్త్వశాస్త్రంలో చాలాకాలం మరుగునపడిన ఈ ప్రశ్నను అలస్‌డేర్ మకింటైర్ 1981లో వెలువరించిన గ్రంథం మళ్లీ చర్చకు తెచ్చింది. అరిస్టాటిల్‌నూ క్రైస్తవ తత్త్వవేత్త థామస్ అక్వినాస్‌నూ కొత్తగా చదవడం ఆ ఊపులోనే పెరిగింది. 1992లో డామియన్ కియోన్ బౌద్ధనీతికి అతి దగ్గరి చుట్టం అరిస్టాటిల్ నీతేనని వాదించాడు. కాదు, అది ఫలితాలను బట్టి మంచిచెడ్డలు నిర్ణయించే నీతి అని 2009లో చార్లెస్ గుడ్‌మన్ ఎదురు వాదం చేశాడు. ఈ వాదం ఇంకా తెగలేదు, తెగాల్సిన అవసరమూ అంతగా లేదు. బుద్ధుడు ‘చేతననే నేను కర్మ అంటున్నాను’ అన్నప్పుడు పని వెనుక ఉన్న సంకల్పానికి పెద్దపీట వేశాడు. ఆ సంకల్పాలు లోభం, ద్వేషం, మోహం అనే మూడు వేళ్ల నుంచి పుడుతున్నాయా, వాటికి ఎదురైన మూడు వేళ్ల నుంచి పుడుతున్నాయా అని చూడటం సద్గుణ నీతి చేసే పనే. అయితే ఒక చిక్కు ఉంది. అరిస్టాటిల్‌కు, అక్వినాస్‌కు సద్గుణం అంటే ఆత్మలో కుదురుకున్న స్థిరమైన అలవాటు, ఒక మనిషి సొత్తు. బౌద్ధంలో అలాంటి సొంతదారు లేడు. థేరవాద బౌద్ధుల మనస్తత్త్వ శాస్త్రమైన అభిధమ్మం 52 చైతసికాలను, అంటే మనసుతో పాటు పుట్టే ధర్మాలను లెక్కపెట్టి, వాటిలో 25ను శోభన (మంచి) చైతసికాలు అంది. శ్రద్ధ, స్మృతి, హ్రీ (చెడుకు సిగ్గుపడటం), అలోభం, అద్వేషం అన్నీ ఆ పట్టికలో ఉన్నాయి. అవి క్షణక్షణం పుట్టి గిట్టే మానసిక ఘటనలు మాత్రమే. దయగల మనిషి అంటే దయతో కూడిన క్షణాలు వెంటవెంట రావడానికి కావలసిన కారణాలు సమకూరిన ప్రవాహం అన్నమాట.

పైపైన చూస్తే మాత్రం రెండు పట్టికలూ కవలపిల్లల్లా కనిపిస్తాయి. పౌలు గలతీయులకు రాసిన పత్రికలో ఆత్మఫలం అంటూ ప్రేమ, సంతోషము, సమాధానము, దీర్ఘశాంతము, దయాళుత్వము, మంచితనము, విశ్వాసము, సాత్వికము, ఆశానిగ్రహము అని తొమ్మిదింటిని చెప్పాడు. పాలి గ్రంథాల్లోని పది పారమితల్లో, అంటే బోధిసత్త్వుడు పూర్తి చేయవలసిన సుగుణాల్లో, దానం, శీలం, క్షాంతి, సత్యం, మైత్రి ఉన్నాయి. పక్కపక్కన పెట్టి గీతలు కలుపుకుంటూ పోవడం తేలిక. సర్వమత సమ్మేళనాల్లో తరచూ జరిగేది అదే. దానివల్ల కొత్తగా తెలిసేది తక్కువ.

అంతకంటే నిజమైన సామ్యం ఇద్దరు సన్యాసి గురువులు మధ్యాహ్నపు నిస్సత్తువ గురించి చెప్పిన మాటల్లో ఉంది. 4వ శతాబ్దం చివర ఈజిప్టు ఎడారిలో ఉన్న ఎవాగ్రియస్, ప్రార్థనను చెడగొట్టే ఎనిమిది తలపులను గుర్తించాడు. ఆయన శిష్యకోటిలోని జాన్ కాసియన్ వాటిని లాటిన్‌లోకి తెచ్చాడు. 6వ శతాబ్దంలో పోప్ గ్రెగొరీ సవరించాక అవే సప్త మహాపాపాల జాబితా అయ్యాయి. వాటిలో ఎవాగ్రియస్ అన్నింటికంటే బరువైనది అన్నది నడిమధ్యాహ్నం వచ్చే విసుగు. సూర్యుడు కదలనట్టే ఉంటాడు. సన్యాసి మాటిమాటికీ కిటికీలోంచి చూస్తాడు, భోజనవేళ అయిన తొమ్మిదో గంట ఎంత దూరంలో ఉందో లెక్క కడతాడు, సాటి సన్యాసి ఎవరైనా పలకరించడానికి వస్తున్నాడేమోనని వెతుకుతాడు, ఈ చోటు నాకు పడదు ఇంకోచోటికి పోవాలనుకుంటాడు. దీనికి మందు గది విడిచి పోకపోవడం, కన్నీటితో ప్రార్థించడం, వచ్చిన తలపుకు సరిపడే లేఖన వాక్యంతో దానికే ఎదురు చెప్పడం. అంగుత్తర నికాయంలో కునికిపాట్లు పడుతున్న శిష్యుడు మొగ్గల్లానునికి బుద్ధుడు చెప్పిన చిట్కాలు ఇంకా సాదాసీదాగా ఉంటాయి. నిద్ర తెచ్చిన తలపును వదిలెయ్, విన్న ధర్మాన్ని నెమరువెయ్, పైకి వల్లించు, రెండు చెవులూ లాగి ఒళ్లు రుద్దుకో, లేచి కళ్లు నీళ్లతో కడుక్కుని నక్షత్రాల వైపు చూడు, వెలుగును భావించు, అటూ ఇటూ నడువు. ఇవేవీ పనిచేయకపోతే కుడివైపు తిరిగి పడుకో, లేవాలన్న ఎరుకతో పడుకో. ఇద్దరి దృష్టిలోనూ దుర్గుణం అంటే శపించవలసిన పాపం కంటే ముందు, ఎలా పుడుతుందో ఎలా పోతుందో పరిశీలించవలసిన మనసు పోకడ. ఎవాగ్రియస్ దాని వెనుక దయ్యాన్ని చూశాడు, బుద్ధుడు నీవరణం అన్న అడ్డును చూశాడు.

అసలు తేడా పట్టికల్లోని సద్గుణాల్లో కాదు, వాటి పొలిమేరలో నిలిచిన భావాల్లో, ముఖ్యంగా దుఃఖంలోనూ కోపంలోనూ బయటపడుతుంది.

మైత్రి, కరుణ, ముదిత (ఇతరుల మేలుకు సంతోషించడం), ఉపేక్ష (సమభావం) అనే నాలుగు బ్రహ్మవిహారాలకూ బుద్ధఘోషుడు రెండేసి శత్రువులను చెప్పాడు. దూరపు శత్రువు ఎవరికైనా తెలుస్తుంది: మైత్రికి ద్వేషం, కరుణకు క్రూరత్వం. దగ్గరి శత్రువు మాత్రం మిత్రుడి వేషంలో ఉంటుంది. మైత్రికి దగ్గరి శత్రువు రాగం, ఎందుకంటే రెండూ ఎదుటివారిలోని మంచినే చూస్తాయి. ఉపేక్షకు దగ్గరి శత్రువు అజ్ఞానం వల్ల వచ్చే పట్టనితనం. కరుణకు దగ్గరి శత్రువు దుఃఖం. రెండూ ఎదుటివారి లోటునే చూస్తాయి కాబట్టి ఒకటి మరొకటిగా చెలామణి అవుతుంది. ఎదుటివాడి బాధ తీరాలని కోరడం కరుణ, ఆ బాధ చూసి తాను కుంగిపోవడం కరుణ వేసుకున్న ముసుగు. ఈ విభజనలో ఎంత నిశితమైన పరిశీలన ఉందో, రోగుల సేవలో ఏళ్లు గడిపినవారికి వేరే చెప్పనక్కరలేదు.

క్రైస్తవం ఈ మాటను ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే దాని కేంద్రమే కదులుతుంది. చనిపోయిన స్నేహితుడు లాజరు సమాధి దగ్గర యేసు కన్నీళ్లు విడిచాడు; అది కూడా కాసేపట్లో లాజరును తానే లేపబోతున్నానని తెలిసి విడిచిన కన్నీరు. 13వ శతాబ్దంలో అక్వినాస్ కనికరాన్ని నిర్వచిస్తూ, ఎదుటివారి దురవస్థను చూసి మనసు పడే దుఃఖమే అది అన్నాడు. ఆ దుఃఖాన్ని వివేకం నడిపిస్తే అది సద్గుణం. దేవునికి మాత్రం దుఃఖం అంటదు, దురవస్థను తొలగించడమే ఆయన కనికరం అని కూడా ఆయనే అన్నాడు. దేవుడి విషయంలో అక్వినాస్ చెప్పినదీ, అరహంతుడి (క్లేశాలన్నీ పోయి విముక్తి పొందినవాడి) విషయంలో బుద్ధఘోషుడు చెప్పినదీ ఇంచుమించు ఒకటే. మనిషి దగ్గరికి వచ్చేసరికి దారులు విడిపోతాయి. మనిషి మనిషిగా ఉన్నంతకాలం తోటివాడి బాధకు ఏడవడం లోపం కాదు, పూర్ణత్వంలో భాగమే అని క్రైస్తవం అంటుంది. ఆ ఏడుపు కూడా తీర్చుకోవలసిన దుఃఖాల్లో ఒకటేనని బౌద్ధం అంటుంది.

కోపం దగ్గర ఈ భేదం ఇంకా పదునుగా కనిపిస్తుంది. మజ్ఝిమ నికాయంలోని కకచూపమ సుత్తంలో దొంగలు మళ్లీ వస్తారు. వాళ్లు రెండు పిడుల రంపంతో అవయవం తరవాత అవయవం కోస్తున్నా, వాళ్ల మీద మనసులో ద్వేషం పుట్టనిచ్చినవాడు తన శాసనాన్ని పాటించినవాడు కాడని బుద్ధుడు అక్కడ అంటాడు. 8వ శతాబ్దపు బౌద్ధ ఆచార్యుడు శాంతిదేవుడు వేల కల్పాల్లో కూడబెట్టిన పుణ్యాన్ని ఒక్క కోపం నాశనం చేస్తుందన్నాడు. న్యాయమైన కోపం అన్న గది ఈ ఇంట్లో లేదు. అక్వినాస్ అరిస్టాటిల్ వెంట నడిచి, తగిన కారణానికి, తగిన మోతాదులో వచ్చే కోపం మంచిదేనని, కారణం ఉండి కూడా కోపం రాకపోవడం ఒక్కోసారి లోపమేనని అన్నాడు. త్రాళ్లతో కొరడా పేని దేవాలయంలోంచి వ్యాపారులను వెళ్లగొట్టిన యేసు క్రైస్తవుల కళ్ల ముందు ఉన్నాడు. దీన్ని క్రైస్తవం అంతటి మాటగా తీసుకోవడం కూడా సరికాదు. కాసియన్, ‘తన సహోదరునిమీద కోపపడు ప్రతివాడు’ అన్న వాక్యంలో ‘కారణం లేకుండా’ అని కొన్ని ప్రతులు చేర్చిన మాట అనవసరమైన చేర్పు అని, ఏ కారణంతోనూ సోదరుడి మీద కోపం తగదని గట్టిగా వాదించాడు. కోపాన్ని దుష్ట తలపుల మీదికే తిప్పాలి గాని మనుషుల మీదికి తిప్పకూడదని ఎవాగ్రియస్ మాట. ఈ విషయంలో ఎడారి సన్యాసులు తమ మతంలోని విశ్వవిద్యాలయ పండితుల కంటే బౌద్ధ భిక్షువులకే దగ్గరగా ఉన్నారు. నీతిని మతం ఎంతగా మలుస్తుందో, జీవన విధానం కూడా అంతగానే మలుస్తుందనడానికి ఇది ఒక సూచన.

సద్గుణం ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్న దగ్గరికి వచ్చేటప్పటికి రెండు సంప్రదాయాల్లోనూ దొంగగా ఉండి సన్యాసి అయినవాడు ఒక్కొక్కడు ఎదురవుతాడు. వేళ్లు కోసి దండ గుచ్చుకున్న అంగుళిమాలుడి కథ తెలుగువారికి కొత్త కాదు. బుద్ధుణ్ణి చంపబోయి, ‘నేను ఆగే ఉన్నాను, నీవే ఆగు’ అన్న మాటకు ఆగిపోయి భిక్షువయ్యాడు, అరహంతుడూ అయ్యాడు. కథలో అంతగా ప్రచారంలో లేని భాగం ఆ తరవాతిది. భిక్షకు పోతే ఎవరో విసిరిన మట్టిబెడ్డలు, కర్రలు, రాళ్లు తగిలి, తల పగిలి, పాత్ర విరిగి, చీవరం చిరిగి తిరిగివచ్చాడు. ఓర్చుకో, ఎన్నో ఏళ్లు నరకంలో అనుభవించవలసిన ఫలం ఇప్పుడే అనుభవిస్తున్నావు అన్నాడు బుద్ధుడు. అంగుళిమాలుడు పూర్తిగా మారాడు, ద్వేషం వేరుతో పోయింది. అయినా చేసిన పని ఫలం మిగిలే ఉంది. దాన్ని రద్దు చేసే అధికారం బుద్ధుడికీ లేదు.

ఈజిప్టు ఎడారిలోని స్కేటిస్‌లో 4వ శతాబ్దపు మోషే దొంగల ముఠాకు నాయకుడిగా ఉండి సన్యాసి అయినవాడు. తప్పు చేసిన ఒక సోదరుణ్ణి విచారించే సభకు ఆయనను పిలిస్తే, చిల్లుపడ్డ పాత్రను వీపున మోసుకుంటూ వెళ్లాడు. ఇదేమిటని అడిగితే, ‘నా పాపాలు నా వెనక కారిపోతున్నాయి, అవి నాకు కనిపించవు, నేను ఇంకొకరికి తీర్పు చెప్పడానికి వచ్చాను’ అన్నాడు. సభ ఆ సోదరుణ్ణి క్షమించి వదిలేసింది. తరవాత దండుమూకలు స్కేటిస్ మీద పడినప్పుడు పారిపొమ్మంటే పోలేదు; కత్తి పట్టినవాడు కత్తితోనే నశిస్తాడన్న క్రీస్తు మాట నెరవేరే రోజు కోసమే ఇన్నేళ్లుగా చూస్తున్నానన్నాడు. మోషే కూడా తన పాత పనికి మూల్యం చెల్లించడానికి సిద్ధపడ్డాడు. ఈ ఒక్క విషయంలో ఇద్దరూ అన్నదమ్ములే. కాని మోషే దృష్టిలో తన పాపం ముందే క్షమించబడింది, మిగిలింది తీర్చవలసిన లెక్క కాదు, ప్రభువు మాటకు లోబడటం. సిలువ మీద పక్కనే ఉన్న దొంగతో యేసు ‘నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు’ అన్నాడు. ఆ దొంగకు సాధన చేయడానికి ఒక్క రోజైనా మిగల్లేదు. అలాంటివాడు లోపలికి రాగలడా లేదా అన్నదే రెండు మతాల మధ్య ఉన్న అతి పెద్ద ప్రశ్న.

క్రైస్తవ వేదాంతి ఆగస్టీన్ ఈ ప్రశ్న మీదే సాటి క్రైస్తవ బోధకుడు పెలాజియస్‌తో పోరాడాడు. మనిషి తన ప్రయత్నంతోనే మంచివాడు కాగలడన్న పెలాజియస్ బోధను 418లో కార్తేజ్ మహాసభ తోసిపుచ్చింది. దేవునివైపు తిరగని సద్గుణాలు నిజానికి దుర్గుణాలేనని ఆగస్టీన్ ఎంత కఠినంగా అన్నాడంటే, ఆ లెక్కన ధమ్మపదంలోని ‘అత్తా హి అత్తనో నాథో’, అంటే ఎవరికి వారే దిక్కు అన్న మాట గర్వానికి శిఖరం అవుతుంది. అక్వినాస్ కొంత సడలించాడు. అభ్యాసం వల్ల వచ్చే సద్గుణాలు వేరు, దేవుడు కుమ్మరించే సద్గుణాలు వేరు అన్నాడు. విశ్వాసం, నిరీక్షణ, ప్రేమ రెండో రకానివి. ప్రేమ అంటే దేవునితో స్నేహం. ఇలా వరంగా వచ్చిన సద్గుణం ఉన్నవాడికి కూడా దాన్ని ఆచరించడం కష్టంగా ఉండవచ్చని, పాత అలవాట్ల శేషం అడ్డుపడుతుందని ఆయన గమనించాడు. వరం ఒక్కసారిగా వస్తుంది, అలవాటు నెమ్మదిగా పోతుంది. బౌద్ధులు అనుశయాలు అనే లోతైన మొగ్గుల గురించి చెప్పేదానికి ఇది దగ్గరగా ఉంది. తేడా అల్లా, బౌద్ధంలో ఆ నెమ్మదైన పనే మొత్తం కథ. శీలం మీద సమాధి, సమాధి మీద ప్రజ్ఞ నిలుస్తాయి తప్ప మధ్యలో పైనుంచి దిగేది ఏదీ లేదు.

బౌద్ధం అంతటా ఇలాగే ఉందనీ అనలేం. 13వ శతాబ్దపు జపాన్‌లో బౌద్ధ గురువు షిన్‌రాన్ స్వశక్తి మీద నమ్మకమే అడ్డంకి అన్నాడు. మంచివాడికే సుఖావతి (అమితాభ బుద్ధుడి పుణ్యలోకం) దొరుకుతున్నప్పుడు చెడ్డవాడికి దొరకదా అన్న ఆయన మాట, సిలువ మీది దొంగ కథను ఇంకో భాషలో చెప్పినట్టే ఉంటుంది. ఆ షిన్‌రాన్ తన గురుపరంపరలో మొదటి స్థానం ఇచ్చింది ఆచార్య నాగార్జునుడికి. కృష్ణా తీరపు నాగార్జునకొండతో పేరు ముడిపడిన ఆ శూన్యవాదిని, మార్టిన్ లూథర్‌కు సమీపమైన భక్తిమార్గానికి మూలపురుషుడిగా కొలుస్తున్నారని తెలుగుదేశంలో తెలిసినవారు తక్కువ. బుద్ధఘోషుడు కూడా తెలుగు ప్రాంతం వాడేనని కొందరు పండితులు వాదించారు. సింహళ వంశకథ మాత్రం ఆయన పుట్టింది బోధగయ దగ్గర అంటుంది.

సద్గుణం చివరికి ఏమవుతుంది? కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ‘విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ యీ మూడును నిలుచును’ అని ఉంది. అక్వినాస్ దాన్ని వివరిస్తూ, దేవుణ్ణి ముఖాముఖి చూశాక విశ్వాసంతోనూ నిరీక్షణతోనూ పనిలేదు, ప్రేమ ఒక్కటే ఉంటుంది అన్నాడు. బుద్ధుడు ధర్మాన్ని తెప్పతో పోల్చి, ఒడ్డు చేరాక నెత్తిన పెట్టుకుని మోయవద్దన్నాడు. ఈ రెండు వాక్యాలను ఏ వ్యాఖ్యానమూ ఒకటి చేయలేదు. ప్రేమకు ఎప్పటికీ ఇద్దరు కావాలి. తెప్పకు అవతలి ఒడ్డు చాలు.

ఇక న్యాయం. అక్వినాస్ చెప్పిన నాలుగు ప్రధాన సద్గుణాల్లో, అంటే వివేకం, న్యాయం, ధైర్యం, మితత్వాల్లో అది ఒకటి. ఎవరికి రావలసింది వారికి ఇవ్వాలన్న స్థిర సంకల్పమే న్యాయం. పారమితల పట్టికలో దానికి విడిగా చోటు లేదు. సిగాలోవాద సుత్తం యజమాని పనివాళ్లకు శక్తికి తగిన పని, తిండి, కూలి, జబ్బు చేస్తే సంరక్షణ, తగిన విరామం ఇవ్వాలని చెప్పింది కాబట్టి బౌద్ధానికి ఆ దృష్టే లేదనడం తప్పు. కాని దానం న్యాయాన్ని దాటిపోయినప్పుడు ఏమవుతుందన్నది చిక్కు. గుంటూరు సీమలోని గోలి స్తూపంలో దొరికి ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉన్న పలకల మీద వేస్సంతర జాతకం వరుస దృశ్యాలుగా చెక్కి ఉంది. అడిగినవారికి లేదనని ఆ రాకుమారుడు కన్నబిడ్డలను కూడా ఒక బ్రాహ్మణుడికి దానం ఇచ్చేస్తాడు. ఆ బ్రాహ్మణుడు పిల్లలను తీగలతో కట్టి కొడుతూ తీసుకుపోతాడు. ఇతరులను ఏడిపించే దానం దానమేనా అని మిలిందపఞ్హ అనే పాలి గ్రంథంలో మిలింద రాజు భిక్షువు నాగసేనుణ్ణి నిలదీశాడు. నాగసేనుడి సమర్థన పొడుగైనదే గాని, మిలిందుడి ప్రశ్న ఇప్పటికీ దానికంటే బలంగా వినిపిస్తుంది. బిడ్డలు తండ్రి సొత్తు కారు అన్న ఒక్క మాట న్యాయం వైపు నుంచి రావాలి, దానం వైపు నుంచి రాదు.

ఈ చర్చ తెలుగు నేల మీద పుస్తకాలకే పరిమితం కాలేదు. 1876-78 కరవు కాలంలో ఒంగోలు ప్రాంతంలో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, తిండి కోసం మతంలో చేరుతున్నారన్న మాట రాకుండా సహాయ పనులు సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపాడు. ఆ తరవాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. వారిలో అత్యధికులు మాదిగలు. ‘ఆత్మవిషయమై దీనులైనవారు ధన్యులు’ అని మొదలయ్యే కొండమీది ప్రసంగం, తరతరాలుగా తల వంచుకుని బతకవలసి వచ్చినవారి చేతికి వచ్చింది. వినయం పెద్దలకు చెబితే సద్గుణం, అణగారినవారికి చెబితే పాత ఆజ్ఞే కావచ్చు. ఒంగోలు సీమలో ఆ గ్రంథంతో పాటు బడి కూడా వచ్చింది కాబట్టి ఆచరణలో కథ అంత సూటిగా నడవలేదు. అంబేడ్కర్ మాత్రం 1950లో బుద్ధుడి భవిష్యత్తు గురించి రాసిన వ్యాసంలో ఈ ప్రమాదాన్ని పట్టుకున్నాడు. ఉన్నవాడు సంపదను వదులుకోవడం ధన్యత కావచ్చు, పేదరికం ఎన్నడూ ధన్యత కాదు, మతం దాన్ని పవిత్రం చేయకూడదు అన్నాడు. యేసు దేవుని కుమారుణ్ణని చెప్పుకున్నాడు, బుద్ధుడు దారి చూపేవాడిగానే నిలబడ్డాడు, మోక్షం ఇస్తాననలేదు అన్న తేడాను కూడా అక్కడే గీశాడు. 1956 అక్టోబర్‌లో నాగపూర్‌లో ఆయన తన అనుచరుల చేత చేయించిన 22 ప్రతిజ్ఞల్లో అష్టాంగ మార్గం, పది పారమితలు ఉన్నాయి. సన్యాసుల చేతిలో పెరిగిన పట్టిక కూలినాలి చేసుకునే లక్షలాది గృహస్థుల నోట ఒక్క గొంతుతో పలికింది.

ఆ పది పారమితల్లో క్షాంతి ఉంది, ఆత్మఫలంలో దీర్ఘశాంతము ఉంది. ఎవరు ఎంతవరకు ఓర్చుకోవాలన్నదే మిగిలిన ప్రశ్న. అంగుళిమాలుడు రాళ్లు విసిరినవాడు కాడు, కానీ ఒకప్పుడు అంతకంటే ఘోరం చేసినవాడు. ఓర్చుకో అన్న మాట అతనికి సరిపోయింది. రంపం కింద ఉన్నవాడు ఏ తప్పూ చేయనివాడు. అక్వినాస్ ఇక్కడ ఒక విభజన చేశాడు: మంచివాళ్లు తమకు జరిగిన కీడును ఓర్చుకుంటారు, దేవునికీ పొరుగువాడికీ జరిగిన కీడును ఓర్చుకోరు. మహాయానంలో ఒక ఓడ కెప్టెన్ కథ ఇదే దిక్కుగా నడుస్తుంది. 500 మంది వర్తకులను చంపబోతున్న దొంగను, వాళ్లను కాపాడటానికీ, ఆ దొంగను నరకం నుంచి తప్పించడానికీ, కోపం లేకుండానే అతను చంపుతాడు. ఆ పాపఫలం తానే మోయడానికి సిద్ధపడతాడు. థేరవాదం ఇందుకు ఒప్పుకోదు, కావాలని ప్రాణం తీసే మనసులో ద్వేషం ఉండే తీరుతుందంటుంది. అక్వినాస్ విభజన చూడటానికి తేటగా ఉంది. కాని అది తాను, పొరుగువాడు అన్న ఇద్దరు వేరువేరు మనుషులను ముందే అనుకుని గీసింది. ఒక మనిషికి జరిగే అవమానం అతని కులం మొత్తానికి జరిగేదే అయిన చోట, అతను తన వంతు ఓర్చుకుంటే పొరుగువాడి వంతు కూడా ఓర్చుకున్నట్టే అవుతుంది. అటువంటి చోట ఓర్పును ఏ పక్కన లెక్కించాలో చెప్పే సూత్రం అక్వినాస్‌లోనూ లేదు, బుద్ధఘోషుడిలోనూ లేదు.